తెలుగు చదవని రిజిస్టరు ఎవరి కోసం?

గౌరవనీయులైన పేటెంట్లు, డిజైన్లు, ట్రేడ్‌మార్కుల కంట్రోలర్ జనరల్ గారికి,



2025 నవంబరులో మీ కార్యాలయం ఇచ్చిన ఒక ఉత్తర్వు చూసి మనసారా సంతోషించాను. టైర్లకు అద్దే గులాబీ వాసననే తమ ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమని జపాన్‌కు చెందిన సుమిటొమో రబ్బర్ కంపెనీ మిమ్మల్ని అడిగింది. మన చట్టం ప్రకారం గుర్తు అన్నది కాగితం మీద చూపించగలిగేదై ఉండాలి. మరి వాసనను కాగితం మీద చూపించడం ఎలా? అలహాబాద్ ట్రిపుల్ ఐటీ శాస్త్రవేత్తలు దాన్ని పూలు, పండ్లు, కలప, గింజలు, ఘాటు, తీపి, పుదీనా అనే ఏడు కొలతల్లో లెక్కగట్టి గీసి చూపించారు. మీరు ఒప్పుకున్నారు, ట్రేడ్‌మార్కుల జర్నల్లో ప్రకటించమన్నారు. మన దేశంలో ఒక వాసన అంతదూరం రావడం అదే మొదటిసారి. కొత్త రకం గుర్తు గుమ్మం ముందుకొచ్చినప్పుడు నిబంధన అడ్డుపెట్టి తిప్పి పంపకుండా దారి వెతికిన మీ కార్యాలయాన్ని అభినందిస్తున్నాను.

ఆ ఓపిక తెలుగు అక్షరం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కరువవుతోందన్నదే నా ప్రశ్న.

2017 నాటి మీ నిబంధనల్లో 28వది చూడండి. గుర్తులో హిందీ, ఇంగ్లీషు కాని లిపిలో మాట ఉంటే దరఖాస్తుదారు దాని ఉచ్చారణను, అర్థాన్ని ఆ రెండు భాషల్లో ఒకదానిలో రాసివ్వాలి. దరఖాస్తు కూడా హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కోట్లమంది రోజూ చదివే లిపిలో రాసిన పేరు మీ రిజిస్టర్లో పేరుగా కాక బొమ్మగా చేరుతుంది. పక్కన ఎవరికి తోచినట్టు వాళ్లు రాసిన ఇంగ్లీషు స్పెల్లింగు ఒకటి ఉంటుంది. రేపు అదే పేరు ఇంకొకరు పెట్టుకోవాలనుకుని వెతికేది ఆ స్పెల్లింగునే. కల్లు, కళ్లు ఇంగ్లీషులోకి వెళ్తే ఒక్కలాగే కనిపిస్తాయి. తాండ్రను నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. వేర్వేరు పేర్లు ఒకటిగా, ఒకటే పేరు వేర్వేరుగా కనిపించే ఈ వెతుకులాటలో దొరకలేదంటే, ఆ పేరు నిజంగా లేదని నమ్మేదెలా?

బొమ్మలను విడదీయడానికి మీరు అనుసరించే వియన్నా వర్గీకరణలో మనుషులది 2వ వర్గం, జంతువులది 3, మొక్కలది 5. రకరకాల లిపుల్లోని రాతలకు 28వ వర్గం. ఆవుకూ అరటిచెట్టుకూ వర్గం ఉన్నట్టే మా అక్షరాలకూ ఉంది. అయితే, ఆవు బొమ్మ చూసినవాడికి అది ఆవు అని తెలుస్తుంది. అక్షరం చూసినవాడికి అందులో ఏం రాసి ఉందో తెలియాలి కదా? చదవని వర్గీకరణ వర్గీకరణ ఎలా అవుతుంది?

ఇది ఫైళ్లు సర్దుకునే వాళ్ల సమస్య అని మీరు అనుకుంటారేమోనని నా భయం. ట్రేడ్‌మార్కు చట్టం వ్యాపారి ఆస్తిని కాపాడుతుంది, నిజమే. ఆ ఆస్తికి విలువ ఇచ్చేది మాత్రం కొనేవాడి కన్నూ చెవీ జ్ఞాపకమూ. ఏ పల్లెటూరి కిరాణా కొట్లోనైనా ఓ గంట నిలబడి చూడండి. పైన తాడుకు షాంపూ పొట్లాల దండలు వేలాడుతుంటాయి. గాజు సీసాల వెనక అగ్గిపెట్టెల కట్టలు, బీడీ కట్టలు, ఓ మూల తలనొప్పి మందుల డబ్బీలు. పదేళ్ల పిల్లాడు వచ్చి "మామ్మకి పచ్చ డబ్బీ కావాలంట" అంటాడు. కొట్టాయన మారు మాట్లాడకుండా తీసిస్తాడు. ఇంకొకామె "ఐదొందలొకటి సబ్బు" అంటుంది. ఒకరికి రంగు, ఒకరికి అంకె, ఇంకొకరికి బొమ్మ. కంపెనీ పేరు అడిగినవాళ్లు అరుదు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం ఇంటింటికీ చేరింది ఇలాంటి కొనుగోలుదారుల నమ్మకం మీదే. ఆ డబ్బుతోనే ఆయన ఆంధ్రపత్రిక నడిపారు. హైదరాబాదులో 1920 నుంచి తయారవుతున్న జిందా తిలిస్మాత్‌ను సీసా మీది బొమ్మతో గుర్తుపట్టినవాళ్లు ఎందరో!

1999 చట్టం ఈ సంగతి తెలిసి రాసిందే. పేరు, సంతకం, మాట, అక్షరం, అంకె, బొమ్మ, లేబులు, వస్తువు ఆకారం, పొట్లం తీరు, రంగుల కలయిక, ఇవన్నీ గుర్తు కిందికి వస్తాయని నిర్వచనంలోనే ఉంది. తర్వాత మీరు ఇంకా ముందుకెళ్లారు. 2008లో యాహూ వాళ్ల కూత నమోదైంది, మన దేశంలో మొదటి శబ్ద గుర్తు అదే. ఇప్పుడు శబ్దానికి 30 సెకన్లు మించని ఎంపీ3 ఇస్తే చాలంటున్నారు. 2017లో ముంబయి తాజ్ మహల్ ప్యాలెస్ హోటల్ భవనం రూపమే ట్రేడ్‌మార్కు అయింది. కూతకూ కట్టడానికీ వాసనకూ తలుపు తెరిచినవారు లిపి దగ్గర ఆగిపోవడానికి కారణం ఏమిటి? చేయలేకపోవడం కాదని మీరే రుజువు చేశారు. ఇక మిగిలింది అవసరం లేదనుకోవడమేనా?

ఆ అనుకోవడాన్ని నేను ఒప్పుకోలేను. సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. 2001లో రెండు కాడిలా కంపెనీల మధ్య కేసులో తీర్పు వచ్చింది. ఒకరి మందు ఫాల్సిగో, ఇంకొకరిది ఫాల్సిటాబ్. రెండూ మెదడుకు పాకే మలేరియాకు ఇచ్చేవే. డాక్టర్లు, మందుల షాపులవాళ్లు చదువుకున్నవాళ్లే కదా, పొరపాటు పడరన్న వాదనను కోర్టు తేలిగ్గా తీసుకోలేదు. మందుల విషయంలో ఇంకా గట్టిగా చూడాలంది. అంతటితో ఆగలేదు. అందరికీ ఒకే భాష లేని దేశం ఇది, చదువురాని వాళ్లు ఎక్కువ, ఇంగ్లీషు తెలిసినవాళ్లు కొద్దిమంది, ఇలాంటి చోట ఇంగ్లండు సూత్రాలను ఉన్నవి ఉన్నట్టు దింపుకోవడం కుదరదన్న అర్థం వచ్చేలా చెప్పింది. న్యాయస్థానాలకు చెప్పిన ఈ మాట, ఆ న్యాయస్థానాల దాకా పోకుండా మొదటే వడపోయాల్సిన మీ పరీక్షకుల బల్ల మీదికి ఇంకా ఎందుకు రాలేదు?

చెవికి వినిపించేదాని గురించీ కోర్టు ఎప్పుడో చెప్పింది. మద్రాసులో ముక్కుపొడి అమ్మే ఇద్దరి తగాదా 1969లో సుప్రీంకోర్టులో తేలింది. ఒకరిది శ్రీ అంబాళ్, ఇంకొకరిది శ్రీ ఆండాళ్. ఒకరు అమ్మవారు, మరొకరు తిరుప్పావై పాడిన గోదాదేవి, భక్తులకు ఆ తేడా బాగా తెలుసు. అయినా ముక్కుపొడి కొనేవాళ్లందరూ భక్తులూ కారు, తమిళులూ కారు. చెవికి రెండూ ఒకేలా తగులుతున్నాయని రెండో పేరును నమోదు కానివ్వలేదు. అంతకు ముందే 1962లో అమృతధార, లక్ష్మణ్‌ధార కేసులోనూ కోర్టు చూసింది ఇదే: ఓ మాదిరి తెలివి, సగం సగం జ్ఞాపకం, పెద్దగా జాగ్రత్తపడని స్వభావం ఉన్న మామూలు మనిషి ఈ రెంటినీ ఎలా వింటాడు? ఆ మామూలు మనిషి మా ఊళ్లో తెలుగులో వింటాడు, తెలుగులో గుర్తుపెట్టుకుంటాడు. అతని చెవి మీకు లేకపోతే ఏది దేన్ని పోలి ఉందో తేల్చేది ఎవరు?

ఇక సరుకులను విడదీసే తరగతుల సంగతి.

నీస్ ఒప్పందం ప్రకారం సరుకులకు 34, సేవలకు 11, మొత్తం 45 తరగతులు. మన దేశం ఆ ఒప్పందంలో అధికారికంగా చేరింది 2019లోనే అయినా, వర్గీకరణ అంతకు ముందు నుంచీ వాడుతున్నాం. ఆ విభజన మీద నాకు ఫిర్యాదు లేదు. దాని వెనక ఒక తర్కం ఉంది. కాకపోతే ఆ తర్కం మా వంటింటి తర్కం కాదు. మామిడికాయనే తీసుకోండి. చెట్టు నుంచి కోసినప్పుడు అది 31వ తరగతి. ముక్కలు కోసి ఆవపిండి, కారం, నూనె కలిపి జాడీకెత్తితే 29. ఎండబెట్టి తాండ్ర చేసినా 29. రసం తీసి సీసాలో పోస్తే 32. చట్నీ పేరుతో నంజుకునే సరుకుగా అమ్మితే 30. ఊరగాయలతో పాటు కందిపొడి, కారప్పొడి చేస్తే అవి 30లోకి పోతాయి. వీటన్నిటినీ పెట్టి కొట్టు నడిపితే ఆ అమ్మకం సేవ 35.

నాకు తెలిసిన ఒకావిడ గోదావరి ఒడ్డున ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతుంది. పేరు నమోదు చేయించుకోవాలని ఎవరో చెబితే ఒక ఏజెంటును పట్టుకుంది. అతను తిండి సరుకంతా ఒకటేనని 30వ తరగతిలో ఒక్కటే దరఖాస్తు పెట్టించాడు, సరుకు దగ్గర పొడులు, మసాలాలు అని రాయించాడు. ఆమె వ్యాపారంలో ముప్పాతిక వంతు ఆవకాయ, గోంగూర, మాగాయ. అవేవీ ఆ కాగితంలో లేవు. ఆమె ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకుంది. నేను చదివి చెప్పేదాకా తన ఆవకాయ పేరుకు రక్షణ లేదని ఆమెకు తెలియదు. మళ్లీ వేయాలంటే మళ్లీ డబ్బు కట్టాలి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. పచ్చళ్లు, పొడులు, అమ్మకం సేవ, ఆమెకు కావలసిన ఈ మూడు తరగతులకూ కలిపి 13,500. సరైన తరగతి ఏదో ముందే తెలిస్తే ఆ ఖర్చు పెట్టాలో వద్దో, దేనికి ముందు పెట్టాలో తనే తేల్చుకునేది. తెలియక పోగొట్టుకున్నది తిరిగి రాదు.

ఆమె చేసిన తప్పేమిటి? పచ్చడి ఎలా పెట్టాలో తెలుసు, నీస్ పట్టిక తెలియదు. ఆ పట్టికలో కొరియా వాళ్ల కిమ్చీ 29లో, జపాన్ వాళ్ల సుషీ 30లో వాటి పేర్లతోనే కనిపిస్తాయి. పూతరేకులు, సున్నుండలు, కజ్జికాయలు, నల్లకారం, గోంగూర పచ్చడి, మామిడి తాండ్ర, జంతికలు ఏ తరగతి కిందికి వస్తాయో చెప్పే పట్టిక ఒకటి తెలుగులో వేయడానికి మీకు ఎంత ఖర్చవుతుంది? ఎందరు మనుషులు కావాలి? ఇద్దరు పరీక్షకులు, ఒక తెలుగు పంతులు, ఒక నెల చాలవా?

తరగతి అంటే అరలాంటిది, అంతే. ఒకే అరలో ఉన్నంత మాత్రాన రెండు సరుకులు ఒకటి కావు. దీన్ని సుప్రీంకోర్టు తేల్చింది మా హైదరాబాదు కేసులోనే. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీకి చార్మినార్ పేరు పొగాకు ఉత్పత్తుల తరగతి మొత్తానికీ నమోదై ఉంది. వాళ్లు తయారుచేసింది సిగరెట్లు. విష్ణుదాస్ అనే వ్యాపార సంస్థ అదే పేరును పొగాకు సరుకులైన కివామ్, జర్దాలకు వాడుకోవాలని వచ్చింది. వాడని సరుకుల మీద కూడా పేరు పట్టుకు కూర్చోవడం కుదరదని, కంపెనీ నమోదును సిగరెట్లకే పరిమితం చేయడం సరైనదేనని 1996లో తీర్పు వచ్చింది. 2018లో నందిని కేసు కూడా అదే దారి. కర్ణాటక పాల సమాఖ్యది నందిని పాలు, బెంగళూరులో ఆంధ్ర భోజనం పెట్టే హోటళ్లది నందిని డీలక్స్. ఇద్దరూ 29వ తరగతి మీదే తగువు పడ్డారు. తరగతి ఒకటైనంత మాత్రాన జనం తికమక పడతారని అనుకోలేమని కోర్టు హోటలు వాళ్లకు అనుకూలంగా చెప్పింది, పాలు, పాల పదార్థాలను మినహాయించి.

ఈ రెండు కేసులూ సుప్రీంకోర్టు దాకా పోగలిగిన వాళ్లవి. పచ్చళ్ల వ్యాపారి అంత దూరం పోగలదా? ఒక పెద్ద సంస్థ 29వ తరగతిలో ఉన్న సరుకులన్నిటికీ ఒక తెలుగు పేరు అడిగినప్పుడు, వీటిలో నువ్వు నిజంగా చేసేవి ఏవి, చేయబోయేవి ఏవి అని మొదటి రోజే గట్టిగా అడగాల్సింది మీరు కాదా? అయిదేళ్లు వాడకపోతే తీసేయమని తర్వాత ఎవరైనా అడగవచ్చని చట్టంలో ఉంది. ఆ అడగడానికీ వకీలు, డబ్బు కావాలి. కట్టేటప్పుడే కొలిచి కడితే తర్వాత కూలగొట్టే పని తప్పుతుంది.

పేర్ల బలాన్ని బట్టి కూడా మీరు వర్గాలు చేస్తారు. ఎక్కడా లేని మాటను పుట్టించి పెడితే దానికి అన్నిటికన్నా గట్టి రక్షణ. ఉన్న మాటనే సరుకుతో సంబంధం లేకుండా పెడితే, సిగరెట్లకు చార్మినార్‌లా, అదీ బలమైనదే. సరుకు గుణాన్ని చూచాయగా స్ఫురింపజేసేది తర్వాతిది. సరుకు ఏమిటో, ఎలా ఉంటుందో నేరుగా చెప్పే మాటను 9వ సెక్షన్ ప్రకారం, ఏళ్ల తరబడి వాడకంతో అది ఒకరి పేరుగా జనంలో నాటుకుంటే తప్ప, ఇవ్వకూడదు. సరుకు పేరే పేరుగా అడిగితే అసలే ఇవ్వకూడదు. ఎందుకంటే ఆ మాటలు అందరివీ. అగరుబత్తులకు రామాయణ్ అన్న పేరు ఒక్కరికే ఇవ్వడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక్కడ నాకు నిజంగా భయం వేస్తుంది. ఒక మాట సరుకు గుణాన్ని చెబుతోందో లేదో తేల్చాలంటే ఆ మాట రోజూ ఎలా వాడతారో తెలియాలి. కమ్మని, దంపుడు, నాటు, గానుగ, రోటి, పుల్ల, కారంకారంగా. వీటిని ఇంగ్లీషు స్పెల్లింగులో చూసిన, తెలుగు రాని పరీక్షకుడికి ఇవి ఎవరో పుట్టించిన కొత్త మాటల్లా కనిపించే అవకాశం లేదా? గానుగ నూనె అమ్మేవాడు తన నూనెను గానుగ నూనె అని చెప్పుకోవడానికి ఇంకొకరి అనుమతి అడగాల్సిన రోజు వస్తే జవాబుదారీ ఎవరిది? దరఖాస్తుదారు ఇచ్చిన అనువాదం సరైనదో కాదో చూసే తెలుగు వచ్చిన మనిషి ప్రతి దరఖాస్తు దగ్గరా ఉన్నారా? పేరు కావలసినవాడే అర్థం రాసిస్తే దాన్ని నమ్మి తీర్పు చెప్పడం ఏ పద్ధతి?

అభ్యంతరం చెప్పుకోవచ్చు కదా అంటారు. జర్నల్ సోమవారం సోమవారం వస్తుంది, ప్రకటించిన నాటి నుంచి నాలుగు నెలల లోపు ఎవరైనా అభ్యంతరం వేయవచ్చు. దాని ఫీజు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 2,700. హక్కు ఉన్న మాట నిజమే. వేలకొద్దీ గుర్తులున్న ఇంగ్లీషు జర్నల్‌ను వారం వారం తిరగేసేది పెద్ద కంపెనీల వకీళ్లు. ధర్మవరం మగ్గం మీద కూర్చున్న నేతగాడు తిరగేస్తాడా? ఎవరికి అవసరమో వాళ్ల కంటపడని ప్రకటనను ప్రకటన అని ఎలా అంటాం?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు మీ రిజిస్ట్రీ కార్యాలయం చెన్నైలో ఉంది. విచారణలు వీడియోలో జరుగుతున్నాయి కాబట్టి దూరం ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదంటారు. వీడియోలో ఏ భాషలో మాట్లాడాలి?

ఒంటరిగా నిలబడలేని చిన్నవాళ్ల కోసమే చట్టం మరో రెండు రకాల గుర్తులు పెట్టింది. సామూహిక గుర్తు సంఘం పేరున ఉంటుంది, సభ్యులందరూ వాడుకుంటారు. ధ్రువీకరణ గుర్తు సరుకు నాణ్యతకో తయారీ పద్ధతికో పూచీ ఇస్తుంది, దాని యజమాని ఆ సరుకు వ్యాపారం చేయకూడదు. డ్వాక్రా సంఘాలకు, నేత సహకార సంఘాలకు కుట్టినట్టు సరిపోయేవి ఇవి. వీటి గురించి తెలిసిన సంఘం నాకు ఇంతవరకూ తారసపడలేదు. తెలిసిందల్లా భౌగోళిక గుర్తింపు ఒక్కటే, అదీ పత్రికల్లో వార్తలు రావడం వల్ల. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఆ గుర్తింపు వచ్చినప్పుడు ఊరంతా సంబరపడింది. ఆ హక్కు వాడుకోవాలంటే ఒక్కో తయారీదారు అధీకృత వాడుకరిగా విడిగా పేరు నమోదు చేసుకోవాలని ఆ సంబరంలో ఎందరికి తెలుసు? భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. ఆ ఊళ్లో ఒక ఇంటి పనితనాన్ని కాపాడేది ట్రేడ్‌మార్కు. ఒక వీధి సంఘం ఉమ్మడి పేరును కాపాడేది సామూహిక గుర్తు. ఈ మూడింటి తేడా తెలుగులో ఒక్క పేజీలో చెప్పే కాగితం మీ కార్యాలయం నుంచి మండలాఫీసుల దాకా రావడానికి అడ్డేమిటి?

నేను అడుగుతున్న వాటిలో చాలావాటికి చట్టం మార్చనక్కర్లేదు. తెలుగు లిపిలో టైపు చేస్తే తెలుగు లిపిలో ఉన్న గుర్తులన్నీ, వాటిలాగే పలికే ఇంగ్లీషు స్పెల్లింగు గుర్తులూ కలిపి చూపించే వెతుకులాట పెట్టండి. వాసనను ఏడు కొలతల్లో కొలిచిన దేశానికి ఇది తలకు మించిన పని కాదు. సరుకుల పట్టిక తెలుగులో వేయండి. తెలుగు మాట ఉన్న ప్రతి దరఖాస్తునూ తెలుగు వచ్చిన పరీక్షకుడి చేతికివ్వండి, దరఖాస్తుదారు రాసిచ్చిన అర్థం సరైనదేనని ఆయన సంతకం పెట్టాకే ముందుకు పంపండి. నిబంధన మార్చాల్సి వచ్చేది దరఖాస్తు భాష దగ్గరే. దానికి కేంద్ర ప్రభుత్వానికి మీరు రాయండి. మీరు రాస్తే ఉన్న బరువు నాలాంటివాడు రాస్తే ఉండదు. తమిళులు, కన్నడిగులు, మలయాళీలు, ఒడియావాళ్లు, బెంగాలీలు అందరిదీ ఇదే ఇబ్బంది కాబట్టి ఇది ఒక్క తెలుగువాళ్ల కోరిక అనుకోవద్దు.

వచ్చే సోమవారం జర్నల్లో కూడా తెలుగు పేర్లు ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి ఏ తెనాలిలోనో ఏ సిద్దిపేటలోనో పదేళ్లుగా చిన్నగా వ్యాపారం చేసుకుంటున్న మనిషి పేరే అయి ఉండవచ్చు. నాలుగు నెలల గడువు ఆ రోజు నుంచే లెక్కకొస్తుంది. ఆ గడువు ముగిసేలోగా ఆ మనిషికి సంగతి తెలియడానికి మీ కార్యాలయం ఏం చేయబోతోంది? దీనికి సమాధానం పత్రికాముఖంగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక తెలుగు వినియోగదారు